ఉప్పునీటి తొట్టిలో పచ్చిక

అంగడి తలుపులు తీయగానే భాగీరథి దేవుడి పటానికి దీపం పెట్టేది. ఆ వెంటనే చేపల తొట్టి ముందు నిలబడేది. ఏప్రిల్‌లో ఒక ఆదివారం అలా నిలబడినప్పుడే తొట్టిలోని బల్లపరుపు రాయి అంచున ఒక పచ్చటి పోగు ఊగుతూ కనిపించింది. వెంట్రుకంత సన్నం. గోరంత పొడవు.

"ఏమండీ, మన తొట్టిలో మొక్క మొలిచింది!" అని లోపలికి కేక వేసింది. ఆ రోజు ఆమెకు అది సంతోషంగానే అనిపించింది.

భాగీరథికి అప్పటికి నలభై తొమ్మిదేళ్ళు. కోలారు బంగారు గనుల ఊరు కె.జి.ఎఫ్.లోనే బి.ఎస్సీ. చదివింది. జంతుశాస్త్రమంటే ప్రాణం. కప్పను కోసి, కొట్టుకుంటున్న గుండెను చెక్కుచెదరకుండా బయటపెట్టి చూపిస్తే మేష్టారు క్లాసు మొత్తాన్నీ ఆమె బల్ల దగ్గరికి పిలిచారు. ఫలితాలు వచ్చిన నెలకే రాబర్ట్‌సన్‌పేట బజారులో కిరాణా అంగడి ఉన్న అశ్వత్థనారాయణతో పెళ్ళయింది. అప్పటినుంచి ఆ చేతులు కందిపప్పు తూచాయి, బెల్లం కొట్టాయి, పొట్లాలు కట్టాయి. భర్త మంచివాడే. అంగడి బాగానే నడిచేది. గనులు మూతపడి పదహారేళ్ళయినా జనం తినడం మానలేదు కదా.

కిందటేడు భర్త కంటి ఆపరేషనుకు ఇద్దరూ బెంగుళూరు వెళ్ళారు. ఆసుపత్రి హాలులో గోడవారగా ఉప్పునీటి తొట్టి ఉంది. అందులో నారింజ రంగు ఒంటిమీద మూడేసి తెల్ల పట్టీలున్న చేపలు పూలలాంటి జంతువుల మధ్య దూరి తిరుగుతున్నాయి. భాగీరథి దాని ముందు కూర్చుంది. నర్సు వచ్చి, "అమ్మా, మీ ఆయన బయటికొచ్చి అరగంటైంది" అని భుజం తట్టేదాకా లేవలేదు.

మూడు నెలల తరువాత రెండడుగుల తొట్టి, లైటు, నీళ్ళు తిప్పే మోటారు, రాళ్ళు, ఆరు నత్తలు, రెండు పట్టీల చేపలు రాబర్ట్‌సన్‌పేటకు వచ్చాయి. చేపలను తెచ్చిన రోజు మారికుప్పం రైలు కిక్కిరిసి ఉంది. గాలి నింపిన సంచిని ఆమె ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటే పక్కవాళ్ళు "ఒక్కసారి ఇవ్వమ్మా, చూసి ఇస్తాం" అన్నారు. ఆ సంచి చేతులు మారుతూ పెట్టె అటు చివరిదాకా వెళ్ళి, బంగారుపేట వచ్చేలోపు క్షేమంగా ఆమె ఒళ్ళోకే చేరింది.

"ఉప్పు కూడా బెంగుళూరు నుంచే తెచ్చినావా?" అని అశ్వత్థనారాయణ ఆశ్చర్యపోయాడు. "మన అంగట్లో మూటల కొద్దీ కల్లుప్పు ఉండాది కద భాగీ!"

"సముద్రంలో ఒట్టి ఉప్పే ఉంటుందా అండీ? సున్నం, మెగ్నీషియం, ఇంగా ఎన్నో ఉంటాయి. ఆ లెక్కన కలిపిన ఉప్పు ఇది."

"నాకేమో ఆ రెండు చేపలకి మనం వంట చేసిపెడుతున్నట్టు ఉండాది" అన్నాడాయన. తొట్టిని గల్లాపెట్టె పక్కనే, అందరికీ కనబడేలా పెట్టడానికి మాత్రం ఆయనే బల్ల వేయించాడు.

ఇక పచ్చపోగు సంగతి. వారం తిరిగేసరికి ఒకటి వంద అయింది. మే నెల మధ్యకి రాళ్ళన్నీ జడలు వేసుకున్నట్టు తయారయ్యాయి. అద్దానికి పచ్చటి పొర పట్టింది. మోటారు జాలీ మూసుకుపోయి రోజుకొకసారి ఆగిపోయేది. ఒకప్పుడు గనుల పంపు హౌసులో పనిచేసి రిటైరైన ఆదినారాయణప్ప రోజూ పొద్దున వక్కపొడి కొనడానికి వచ్చేవాడు. ఆయన వంగి చూసి, "ఏమమ్మా, తొట్టిలో రాగిపైరు పెట్టినట్టుండారే! కోతలు ఎప్పుడు?" అన్నాడు. అంగట్లో అందరూ నవ్వారు. భాగీరథి కూడా నవ్వింది కానీ, ఆమె చెవులు ఎర్రబడ్డాయి.

ఆమె ఊరుకునే మనిషి కాదు. నాచు అయినా మొక్కే. మొక్కకు కావలసింది వెలుతురు, ఎరువు. రెండూ తగ్గిస్తే అదే చస్తుంది. ఇది ఆమె చదువుకున్న చదువే. అందుకని పది గంటలు వెలిగే లైటును ఆరు గంటలకు తగ్గించింది. సాయంత్రం పడమటి ఎండ తొట్టిమీద పడకుండా వాకిట్లో గోనెపట్టా కట్టించింది. చేపలకు మూడు పూటల తిండిని ఒక్క పూట చేసింది. పళ్ళు తోముకునే పాత బ్రష్షుతో రాళ్ళు రుద్ది, పోగులు పీకి గిన్నెలో వేసింది. ప్రతి ఆదివారం ఇరవై లీటర్ల పాతనీళ్ళు తీసేసి, కొత్తగా ఉప్పు కలిపిన నీళ్ళు పోసింది. ఏ రోజు ఏం చేసిందో నోటుపుస్తకంలో రాసుకుంది.

నీళ్ళలో ఎరువు ఎంతుందో చూడడానికి ఆమె దగ్గర ఒక పరీక్ష పెట్టె ఉండేది. తొట్టి నీళ్ళు గాజుగొట్టంలో పోసి, రెండు సీసాల్లోని మందు చుక్కలు వేసి, బాగా కుదిపి, ఐదు నిమిషాలు ఆగాలి. నీళ్ళు పసుపుగా ఉంటే మంచిది. నారింజ అయితే జాగ్రత్త పడాలి. ఎరుపైతే నైట్రేటు ఎక్కువైందని అర్థం. చేపల మలం, మిగిలిన తిండి కుళ్ళితే పుట్టే సరుకది. పొలాల్లో చల్లే ఎరువుకు దగ్గరి చుట్టం.

ప్రతిసారీ గొట్టం కుంకుమ కలిపినట్టు ఎర్రగానే వచ్చేది. అంతకంటే విచిత్రం ఇంకొకటి ఉంది. నీళ్ళు మార్చిన ఆదివారం తరువాత పాచి తగ్గకపోగా ఇంకా ఏపుగా పెరిగేది. 'ఆదివారం నీళ్ళు మార్చినాను. బుధవారానికి రెండింతలు' అని మూడు వారాలు వరసగా రాసింది. మూడోసారి రాసేటప్పుడు పెన్ను కాగితంలో దిగబడింది.

అలాంటి రోజుల్లో చేపలు ఒక కొత్త పని మొదలుపెట్టాయి. రెంటిలో పెద్దది ఆడది. చిన్నది మగది. ఆ చిన్నది బల్లపరుపు రాయి దగ్గరికి వెళ్ళి, నోటితో పచ్చపోగు పట్టుకుని, ఒళ్ళంతా విదిలించి తెంపి, దూరంగా తీసుకెళ్ళి ఉమ్మి వచ్చేది. మళ్ళీ మళ్ళీ అదే పని. గంటసేపు చూసినా ఆగలేదు. కాసేపటికి పెద్దది కూడా వచ్చి తోకతో ఆ రాయిని ఊడ్వసాగింది. భాగీరథి ఫోనులో వెతికి, చదివి, రెండోసారి చదివి, గభాలున లేచింది.

"ఏమండీ! అవి గుడ్లు పెట్టడానికి జాగా చేసుకుంటుండాయి! రాయి నున్నగా, శుభ్రంగా ఉంటేనే పెడతాయంట. అందుకే పీకుతుండాది ఆ చిన్నది!"

శనగపిండి తూస్తున్న అశ్వత్థనారాయణ తక్కెడ వదిలేసి వచ్చాడు. "ఈ రాయి మీదనా? మన అంగట్లోనా?"

"మన అంగట్లోనే!"

"సముద్రం యాడుంది, మనం యాడున్నాము!" అన్నాడాయన. ముఖమంతా వెలిగిపోయింది. మరుసటి రోజుకు ఆ చిన్న చేప తెంపిన చోటంతా మళ్ళీ పచ్చగా మొలిచింది. అది మళ్ళీ పీకింది. మూడు రోజులకు దాని మూతి చుట్టూ చర్మం తెల్లగా పాలిపోయింది. భాగీరథికి అది చూస్తూ నిలబడడం చేత కాలేదు.

ఆ తొందరలోనే తప్పు చేసింది. బెంగుళూరు నుంచి పాచిని చంపే మందు సీసా తెప్పించింది. దాని మీద మూడు మూతలు వేయమని రాసి ఉంది. ఆమె ఆరు మూతలు వేసింది. మరునాడు మధ్యాహ్నానికి పాచి తెల్లబడింది. ఆమె చప్పట్లు కొట్టింది. అయితే చచ్చిన పాచి అంతా ఒక్కసారిగా కుళ్ళడంతో నీళ్ళు పాలవిరుగుడులా మబ్బు పట్టాయి. నీళ్ళలో గాలి తగ్గిపోయింది. రెండు చేపలూ పైకి వచ్చి నోళ్ళు తెరిచి మూస్తూ ఒరిగిపోయాయి.

"అయ్యో, ఊపిరాడక చస్తాయి! నీళ్ళు ఎత్తి పోయాల!" అని ఆమె చెంబుతో నీళ్ళు ముంచి ఎత్తునుంచి తొట్టిలోకే పోయడం మొదలుపెట్టింది. అలా పోస్తే నీళ్ళలో గాలి కలుస్తుంది. అశ్వత్థనారాయణ నూనె కొలిచే కొత్త పావు ఒకటి తీసుకుని అవతలి పక్క నిలబడ్డాడు. అంగడినిండా గిరాకులు. ఎవరో "అప్పా, అర్ధ కేజీ పెసరబేడ..." అన్నారు. "ఇంగొక గంట ఆగండి, లేదంటే పక్కంగటికి పోండి!" అని ఆయన తల తిప్పకుండా అరిచాడు. ఎవరూ పోలేదు. ఆదినారాయణప్ప చొక్కా చేతులు మడిచి భాగీరథి చేతిలోంచి చెంబు తీసుకున్నాడు. "నువ్వు స్వల్పం కూచో తల్లీ. నేను ముప్పై రెండేళ్ళు నీళ్ళు తోడించినవాణ్ణి, ఇట్లియ్యి" అన్నాడు. గంటన్నర ముగ్గురూ వంతులు వేసుకున్నారు. మొదట పెద్ద చేప తోక కదిలించింది. తరువాత చిన్నది నిటారుగా నిలబడి రాళ్ళ సందులోకి దూరింది. అంగట్లో ఎవరో ఈల వేశారు.

చేపలు బతికాయి. నత్తలు నాలుగు చచ్చిపోయాయి. మిగిలిన రెండూ రాయికి అతుక్కుని కదలకుండా ఉన్నాయి. భాగీరథి ఆ మందు సీసాను చెత్తలో పారేసి, బల్ల మీద కూర్చుని, "నాకు తెలివి లేదు. ఒక్క పూట తిండి వేస్తుండాను, ఎండ ఆపినాను, అయినా ఆ ఎరుపు ఎందుకు తగ్గదో తెలియక బేజారై ఈ పని చేసినాను" అంది.

అశ్వత్థనారాయణ ఇత్తడి పావు తుడుస్తూ తుడుస్తూ ఆగాడు. "ఒక్క పూట కాదు భాగీ" అన్నాడు.

"ఏది?"

"తిండి."

"మరెన్ని పూటలు?"

"నువ్వు లోపలికి పోయినప్పుడంతా." ఆయన గొంతు బాగా తగ్గింది. "నేను ఈ పక్కకి వస్తే చాలు, రెండూ అద్దం దగ్గరికి వచ్చి నన్నే చూస్తాయి. నిన్ను కాదు, నన్ను. ఆకలేమో అని స్వల్పంగా వేస్తా. ఒక చిటికె."

"రోజుకెన్ని చిటికెలు?"

"ఏడెనిమిది... ఆదివారం పదైనా ఉంటాయి."

భాగీరథికి కోపం రావలసింది. దానికి బదులు కడుపులోంచి నవ్వు తన్నుకొచ్చింది. ఈ చేపలు ఏమిటికి అని నెలరోజులు గొణిగిన మనిషి దొంగచాటుగా తినిపిస్తున్నాడు! ఆమె తిండి డబ్బా తీసి బీరువాలో పెట్టి తాళం వేసి, తాళంచెవి కొంగున ముడివేసుకుంది. "రేపటినుంచి ఊరికే చూడండి. చూపులకి పాచి పట్టదు" అంది.

రెండు వారాల్లో గొట్టం ఎరుపు కొంచెం తగ్గింది. కుంకుమ రంగు ఇటుక రంగయింది. ఆమె ఉత్సాహంగా నోటుపుస్తకంలో రాసుకుంది. ఆ తరువాత ఇటుక రంగు దగ్గరే ఆగిపోయింది. నీళ్ళు మార్చిన ప్రతిసారీ పాచి మళ్ళీ తలెత్తింది. ఇంకేదో ఉంది. ఏదో కళ్ళముందే ఉంది, తనకు కనపడడం లేదు అని ఆమెకు అనిపించేది.

అది కనిపెట్టింది సొన్నమ్మ.

సొన్నమ్మది బేతమంగళ దగ్గర పల్లె. ఎకరన్నర మల్బరీ తోట ఉంది. పట్టుపురుగులు పెంచుతుంది. పట్టుగూళ్ళు అమ్మిన వారం నెలసామాన్లకు అశ్వత్థనారాయణ అంగడికి వస్తుంది. ఆ గురువారం ఆమె వచ్చేసరికి వాకిట్లో మునివెంకటప్ప నీళ్ళ ట్యాంకరు నిలబడి ఉంది. మునిసిపాలిటీ కుళాయి పది రోజులకొకసారి వచ్చే బజారు కాబట్టి అందరూ ట్యాంకరు నీళ్ళే పోయించుకునేవాళ్ళు. భాగీరథి ఆ పైపుకిందే బకెట్టు పట్టి, అందులో చేపల ఉప్పు పోసి కలుపుతోంది.

సొన్నమ్మ సంచి కింద పెట్టి, "ఈ నీళ్ళేనా చేపలకి పోసేది?" అంది.

"ఇవే సొన్నమ్మా. ఏం?"

"ఏం లేదు. ఇవి మా తోట పక్క బోరు నీళ్ళు కదమ్మా. మునివెంకటప్ప బండి రోజూ మా గట్టుమీదనే నిలబెడతాడు." తొట్టి దగ్గరికి వెళ్ళి చూసి నోరు నొక్కుకుంది. "అమ్మమ్మా! గడ్డి ఎట్ల లేచిందో చూడు! లేవదా మరి? ఆ నీళ్ళకి నేను మల్బరీకి యూరియా సగమే వేస్తా."

భాగీరథి కలుపుతున్న కర్ర ఆగిపోయింది. "ఏమన్నావు?"

"సగమే వేస్తా అంటి. మొన్న వ్యవసాయ ఆఫీసోళ్ళు వచ్చి మన్ను, నీళ్ళు ఎత్తుకొని పోయి పరీక్ష చేసినారు. 'సొన్నమ్మా, ఈ బోరు నీళ్ళలోనే ఎరువు కరిగి ఉండాది. చుట్టూ తోటలకి వేసిందంతా కిందికి దిగి బోర్లలో చేరుకునింది. నువ్వు సగం వెయ్యి చాలు' అన్నారు. సగమే వేస్తుండా. ఆకు ఇంత వెడల్పు వస్తుండాది."

భాగీరథి బకెట్టు అక్కడే వదిలి లోపలికి పరుగెత్తింది. నలభై తొమ్మిదేళ్ళ మనిషి బియ్యం మూట మీదినుంచి దూకి వెళ్ళడం ఆ అంగడి గిరాకులు ఎప్పుడూ చూడలేదు. పరీక్ష పెట్టెతో తిరిగొచ్చి, ఉప్పు కలపని ట్యాంకరు నీళ్ళు నేరుగా పైపునుంచే గొట్టంలో పట్టింది.

"ఇన్నాళ్ళూ తొట్టి నీళ్ళే పరీక్ష చేసినాను. పోసే నీళ్ళు ఒక్కసారి కూడా చేయలేదు. ఒక్కసారి కూడా!" అంటూ చుక్కలు వేసి, గొట్టాన్ని గబగబా కుదిపింది. "ఆదినారాయణప్పా, గడియారం చూడండి. ఐదు నిమిషాలు."

"చూస్తుండా" అన్నాడు వక్కపొడికి వచ్చి నిలబడిన ఆయన, మణికట్టు ఎత్తి పట్టుకుని.

అంగడి మొత్తం గల్లాపెట్టె చుట్టూ చేరింది. మొదటి నిమిషం గొట్టం పసుపుగానే ఉంది. "ఏమీ లేదే" అన్నారెవరో. రెండో నిమిషానికి అడుగునుంచి నారింజ రంగు లేచింది. "మారుతుండాది, మారుతుండాది!" అని సొన్నమ్మ భాగీరథి జబ్బ పట్టుకుంది. నాలుగో నిమిషానికి గొట్టం ఎర్రబడింది. ఐదు నిమిషాలు కాకముందే కుంకుమ రంగు తేలింది. అందులో చేప లేదు. తిండి మెతుకు లేదు. ఒట్టి నీళ్ళు.

భాగీరథి పకపకా నవ్వింది. నవ్వుతుంటే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "వారం వారం పాచికి నేనే ఎరువు పెట్టినాను! శుభ్రం చేస్తుండానని ఎరువు పెట్టినాను! ఆవిరైన నీళ్ళకి బదులు రోజూ చెంబుడు పోసినాను చూడు, అది కూడా ఎరువే! సొన్నమ్మా, నువ్వు నాకు గురువువి!"

"నేనేమి గురువునమ్మా, సుమ్నే మాటవరసకి చెప్పితి" అంది సొన్నమ్మ సిగ్గుపడుతూ. సామాన్ల చీటీ తీయడం కూడా మరిచిపోయి ఇంకో పరీక్ష చూడడానికి కూర్చుంది.

రెండో పరీక్షకు అశ్వత్థనారాయణ మోపెడ్డు మీద వెళ్ళి, రెండు వీధుల అవతలి మంచినీళ్ళ యంత్రం దగ్గర ఒక క్యాను పట్టుకొచ్చాడు. తాగడానికి జనం తెచ్చుకునే వడగట్టిన నీళ్ళవి. ఈసారి ఐదు నిమిషాలూ అందరూ గొట్టం మీదే కళ్ళు పెట్టారు. గొట్టం నిమ్మరసం రంగులో ఉండిపోయింది.

"పసుపు!" అని ఆదినారాయణప్ప అందరికంటే ముందు అరిచాడు.

ఆ రోజునుంచి తొట్టికి బోరునీళ్ళు బంద్. అశ్వత్థనారాయణ రెండు రోజులకొకసారి మోపెడ్డుకు రెండు పక్కలా క్యానులు కట్టుకుని వచ్చేవాడు. భాగీరథి ఆ నీళ్ళలో ఉప్పు కలిపి, ఒక రాత్రి మోటారు పెట్టి తిప్పి, కొలిచి, మూడు రోజులకొకసారి పదిహేను లీటర్లు మార్చింది. ఒకేసారి ఎక్కువ మారిస్తే చేపలు తట్టుకోలేవు. ఆత్రపడితే ఏమవుతుందో ఆమె చూసే ఉంది. మార్చిన ప్రతిసారీ సన్నటి గొట్టంతో రాళ్ళ సందుల్లో మడ్డి లాగేసింది. పోగులు పీకింది. బెంగుళూరు నుంచి ఎనిమిది కొత్త నత్తలు వచ్చాయి.

ఎనిమిదో రోజుకు పరీక్ష గొట్టం నారింజ రంగుకు దిగింది. పన్నెండో రోజున పచ్చపోగులు పాలిపోయి, వేలితో తాకితే ఊడి వచ్చాయి. ఇరవయ్యో రోజున నత్తలు అద్దం మీద తిరిగిన దారులు కనపడ్డాయి. అవి పోయినచోటల్లా అద్దం తళతళలాడింది. ఆదినారాయణప్ప పొద్దున వక్కపొడికి వచ్చి ముందు తొట్టి చూసి, "ఈ రోజు ఇంత తగ్గింది" అని వేళ్ళతో కొలిచి చూపేవాడు. ఆయనకు తెలియకుండానే ఆయన కొలతలు కూడా భాగీరథి పుస్తకంలోకి ఎక్కాయి.

జూలై చివరికి బల్లపరుపు రాయి బయటపడింది. పచ్చదనం కింద దాక్కున్న దాని అసలు రంగు నేరేడుపండు రంగు. చిన్న చేప ఆ రాయి మీదికి వచ్చి, పీకడానికి ఏమీ దొరకక, అటూ ఇటూ తిరిగి, మూతితో రాయిని రుద్దసాగింది.

ఆగస్టులో ఒక మంగళవారం మధ్యాహ్నం, అంగడి నిండా జనం. వరలక్ష్మి వ్రతం సామాన్లకు బజారంతా కదిలి వచ్చింది. భాగీరథి బెల్లం తూస్తూ అలవాటుగా తొట్టివైపు చూసింది. పెద్ద చేప పొట్ట రాతికి ఆనించి, వణుకుతూ, మెల్లగా ముందుకు పాకుతోంది. అది దాటిన చోట రాయి మీద చుక్కలు. ఎర్రటి నారింజ చుక్కలు. వరస వెంట వరస. దాని వెనకే చిన్నది అదే దారిలో పొట్ట ఆనించి పాకుతోంది.

తక్కెడ తట్టలోని బెల్లం అచ్చు దొర్లి కిందపడింది. "పెడుతుండాది" అంది మొదట నెమ్మదిగా. తరువాత బజారు అవతలి పక్కకు వినబడేలా, "గుడ్లు పెడుతుండాది!"

ఇంక వ్యాపారం ఎక్కడిది? అందరూ తొట్టి చుట్టూ మూగారు. అశ్వత్థనారాయణ చేతులు చాచి, "తోయొద్దండి, గలాటా చేయొద్దండి, అది బెదిరిపోతే ఎట్ల?" అని తనే అందరికంటే పెద్దగా అరిచాడు. కొబ్బరికాయలు కొనడానికి వచ్చిన ఒక ముసలామె తొట్టికి చేతులెత్తి దండం పెట్టింది. గంటన్నర పట్టింది. రాయి మీద అరచేయంత మేర నారింజ రంగు గుడ్లు నిలువుగా నిలబడ్డాయి. చిన్న చేప వెంటనే కాపలాకు దిగి, రెక్కలతో వాటికి నీళ్ళు విసరడం మొదలుపెట్టింది.

ఫోను చేస్తే సొన్నమ్మ పురుగులకు ఆకు వేసి, దొరికిన బస్సు ఎక్కి సాయంత్రానికల్లా వచ్చేసింది. అద్దానికి ముక్కు ఆనించి చూసింది. "మా పట్టుపురుగు గుడ్ల అట్ట మాదిరే ఉండాయి కదమ్మా! ఎంత వరసగా పెట్టింది! మా గుడ్లు పగిలే ముందురోజు లోపల తలకాయ నల్లగా కనపడుతుంది. వీటికి?"

"వీటికి కళ్ళు వెండిలా మెరుస్తాయంట."

"అయితే మెరిసిన దినం నాకు చెప్పాల. ఎన్ని పనులున్నా వస్తా."

ఏడో రోజున కళ్ళు మెరిశాయి. ప్రతి గుడ్డులో రెండేసి వెండి చుక్కలు. ఎనిమిదో రోజు దీపాల వేళకు లైటు ఆర్పి, గోనెపట్టా దించి నలుగురూ కూర్చున్నారు. భార్యాభర్తలు, సొన్నమ్మ, ఆదినారాయణప్ప. ఏడున్నరకు భాగీరథి టార్చి వెలుగు ఒక మూలన వేసింది. ఆ వెలుగులోకి పిల్లలు వచ్చాయి. ఒకటి, మూడు, ఇరవై, తరువాత లెక్క అందలేదు. గాజుముక్కల్లాంటి ఒళ్ళు, వెండి కళ్ళు. నలుగురికీ ఒకేసారి నవ్వు వచ్చింది.

ఆ పిల్లల్లో ఒక్కటీ ఐదు రోజులు దాటలేదు. వాటి నోటికి పట్టే తిండి ఏమిటో అప్పటికి ఆమెకు తెలియదు. మరునాడు మారికుప్పం రైలెక్కి బెంగుళూరు వెళ్ళి, మత్స్యశాఖలో పనిచేసే ఒకావిడ దగ్గర రెండు గంటలు కూర్చుని, కంటికి కనపడనంత చిన్న జీవాలను నీళ్ళలో ఎలా పెంచి వాటికి పెట్టాలో నేర్చుకుని వచ్చింది. చేపలు రెండు వారాలకోసారి అదే రాయి మీద గుడ్లు పెట్టాయి. రెండో విడతలో మూడు పిల్లలు తొమ్మిది రోజులు బతికాయి. మూడో విడతకు ఆమె ఎనిమిది సీసాల్లో మేత సిద్ధం చేసి పెట్టుకుంది.

మూడో విడతలో పదకొండు నిలబడ్డాయి. వేరే చిన్న తొట్టిలో, చింతపండు బుట్టల పక్కన, చీమతలకాయంత పిల్లలు తిరుగుతుండేవి. అశ్వత్థనారాయణ ఆపరేషను చేసిన కంటితో వాటిని రోజూ లెక్కపెట్టేవాడు. అక్టోబరులో ఒక పొద్దున ఆయన భూతద్దం అక్కడే పడేసి, అప్పుడే స్నానం చేసి తల తుడుచుకుంటున్న భార్యను చేయిపట్టి లాక్కొచ్చాడు.

"చూడు. ఆ మూలది. దాని తల వెనక."

భాగీరథి వంగింది. వడ్లగింజంత చేప. నారింజ రంగు ఇంకా సరిగా పట్టలేదు. కంటి వెనకనుంచి అడ్డంగా ఒక సన్నటి తెల్ల గీత.

"పట్టీ" అంది.

"పట్టీనే కద?"

"పట్టీనే!" ఆమె తడి జుట్టునుంచి నీళ్ళు కారుతుండగానే సొన్నమ్మకు ఫోను కలిపింది. అవతల ఆకు కోస్తున్న చప్పుడు వినబడుతుండగా, "సొన్నమ్మా, కొడవలి కింద పెట్టు. నేను చెప్పేది విను" అంది.